ప్రకటన పైవాళ్లది, జవాబు కౌంటర్ పిల్లలదా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను: కంపెనీ ఇచ్చిన ప్రకటన మీద జనంలో గొడవ రేగితే ఆ దెబ్బ ఎవరికి తగులుతుంది, ముందే ఏం చేయాలి?

2020 అక్టోబరులో నగల కంపెనీ తనిష్క్ ‘ఏకత్వం’ ప్రకటన వచ్చింది. ముస్లిం ఇంట్లో హిందూ కోడలికి సీమంతం. గొడవ ముదరగానే వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగులు, దుకాణాల సిబ్బంది క్షేమం కోసమన్నారు. గుజరాత్‌లోని గాంధీధామ్ దుకాణం తలుపు మీద క్షమాపణ కాగితం అంటించాల్సి వచ్చింది. ప్రకటన తీసింది ఆ దుకాణం వాళ్లా? మీరే చెప్పండి!

మన పంజాగుట్టలో, కూకట్‌పల్లిలో కౌంటర్ దగ్గర నిలబడే అమ్మాయికి చాలాసార్లు ఎవరో ఫోన్‌లో చూపించి నిలదీసేదాకా ప్రకటన సంగతే తెలియదు. అందుకే కంపెనీలవాళ్లారా, ప్రకటనను విడుదలకు వారం ముందే స్టోర్లకు పంపండి. రెండే వాక్యాల జవాబు తెలుగులో, ఉర్దూలో రాసివ్వండి. వాదనకు దిగొద్దని, ఎవరైనా వీడియో తీస్తుంటే మేనేజర్‌ని పిలవమని చెప్పండి. రాత్రి పదింటికైనా ఎత్తే ఫోన్ నంబరొకటి ఇవ్వండి.

ఇక ఆ కోపం కొనేవాళ్లదేనా? 2019లో సర్ఫ్ ఎక్సెల్ హోలీ ప్రకటన మీద కోపంతో కొందరు పేరు పొరబడి, సంబంధమే లేని మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కి ఒక్క స్టార్ ఇచ్చారు! రేటింగులు చూసి బెంబేలెత్తకండి, అమ్మకాలు చూడండి. అదీ డిస్ట్రిబ్యూటర్‌కి కంపెనీ వేసిన బిల్లు కాదు. సరుకు బేగంబజార్ గోడౌన్‌లో మూలుగుతున్నా ఆ బిల్లు నిండుగానే కనిపిస్తుంది. కిరాణా కొట్టు మళ్లీ ఎన్ని పెట్టెలు అడిగిందో చూడాలి. దీపావళి ఏటా ఒకే తేదీన రాదు కాబట్టి పండగ ముందు వారాన్ని నిరుడు పండగ ముందు వారంతోనే పోల్చాలి.

నిజంగా దెబ్బ తగిలిన సందర్భాలూ ఉన్నాయి. 2023లో ఒక ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో చేసిన ప్రచారం తర్వాత బడ్ లైట్ బీరు అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానాన్ని మోడెలో బీరుకి వదులుకుంది. అదే ఫ్రిజ్‌లో పక్కనే ఇంకో బీరు ఉంది, మానేయడం సులువు. పైగా కంపెనీ ఆమె పక్షాన గట్టిగా నిలబడలేదు, దాంతో మెచ్చుకున్నవాళ్లకూ కోపమొచ్చింది. సబ్బు, బీరు లాంటి సరుకుకి ఈ ప్రమాదం ఎక్కువ. ముందే తేల్చుకోండి: నిలబడగలరా, లేదా? సగం దారిలో వెనక్కి తగ్గేటట్టయితే మొదలే పెట్టకండి.

ఈ హాల్లో ఏజెన్సీల వాళ్లున్నారు, వాళ్లతో ఒక్క మాట చెప్పాలి. అయ్యా, క్లయింటుకిచ్చే బడ్జెట్‌లో మీడియా ఖర్చు కింద ఇంకో వరుస రాయండి: స్టోర్ సిబ్బందికి శిక్షణ, గొడవ జరిగే రోజుల్లో అదనపు సెక్యూరిటీ, ఆ నెల అమ్మకాలు తగ్గినా వాళ్లకు కోత పడని ఇన్సెంటివ్. ఆ వరుస మీద సంతకం పెట్టని క్లయింటుకి అలాంటి ప్రకటన చేసివ్వకండి.