లజానియాలో ఏ గోడ తీయొచ్చు, ఏ గోడ ముట్టుకోకూడదు

[ఓవెన్‌లోంచి ట్రే బయటికి వస్తుంది. అంచుల్లో సాస్ ఇంకా బుడబుడలాడుతోంది.]

ఇదిగో లజానియా, పాస్తా పలకల మధ్య సాస్, చీజ్ పేర్చి ఓవెన్‌లో కాల్చే ఇటలీ వంటకం, ఇప్పుడే దిగింది. వాసన మీకు రాదు, నాకు వస్తోంది, అదే నా బాధ. ఎందుకంటే దీన్ని ఇప్పుడు కోయను. 15 నిమిషాలకు టైమర్ పెడుతున్నా. అది మోగేదాకా కత్తి పట్టుకునేది లేదు. ఎందుకో చివర్లో చెప్తా. ఈలోగా చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు కాబట్టి, చాలా రోజులుగా లోపల కెలుకుతున్న ఒక విషయం చెప్పేస్తాను.

లజానియా చేశాను అనగానే నాకు రెండు రకాల మనుషులు తగులుతారు. ఒకరు, "వెల్లుల్లి వేశావా? అయితే అది లజానియానే కాదు" అంటారు. ఇంకొకరు, "వంటే కదా, మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు" అని పాలు, మైదాతో చేసే వైట్ సాస్ మానేసి, పచ్చి కూరగాయ ముక్కలు పేర్చి, చివరికి ట్రేలో నీళ్లు తేలితే "నువ్వు చెప్పిన రెసిపీ బాగాలేదు" అంటారు. మొదటివాళ్ల మీద చిరాకు, రెండోవాళ్ల మీద ఇంకా చిరాకు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: మేస్త్రీని అడగండి.

అవును, ఇల్లు కట్టే మేస్త్రీనే. పాత ఇల్లు కొన్నారనుకోండి. హాలు ఇరుకుగా ఉంది, మధ్య గోడ కొట్టేయాలి. మేస్త్రీ వస్తాడు, గోడ మీద రెండుసార్లు తట్టి, తలెత్తి పైకి చూసి, "ఇది ఊరికే అడ్డుగోడ, తీసెయ్యండి. అదిగో, అది మాత్రం స్లాబు బరువు మోస్తోంది, దాని జోలికి పోవద్దు" అంటాడు. మీరు గోడలకు ఏ రంగు వేసినా, కిటికీ ఎటు మార్చినా అతనికి పట్టదు. బరువు మోసే గోడ దగ్గరికి గునపం తీసుకెళ్తే మాత్రం చెయ్యి పట్టుకుంటాడు. రెసిపీ చూసేటప్పుడు నాకు కావలసింది ఆ మేస్త్రీ కన్ను. ఇందులో ఏది బరువు మోస్తోంది, ఏది రంగు?

ముందు సంప్రదాయం వాళ్ల సంగతి తేల్చేద్దాం. ఇటలీలో లజానియా అనే ఇల్లు ఒక్కటి లేదు. ఉత్తరాన బొలోన్యాలో కట్టేది ఒక రకం: గుడ్డు, పాలకూర కలిపిన పచ్చని పలకలు, మాంసంతో చేసిన రగూ సాస్, వైట్ సాస్, పార్మెజాన్ చీజ్. అంతే. అందులో రికోటా అనే మెత్తని తాజా చీజ్ ఉండదు, మొజరెల్లా చీజ్ ఉండదు. దక్షిణాన నేపుల్స్‌కు వెళ్తే ఇల్లే వేరు. ఈస్టర్‌కు ముందు 40 రోజుల ఉపవాస కాలం వస్తుంది కదా, దానికి ముందు జరిగే కార్నివాల్‌లో అక్కడ లజానియా చేస్తారు. ఉపవాసం మొదలవ్వకముందే వంటింట్లో ఉన్నవన్నీ తినేయాలి అన్నట్టు ఉంటుంది ఆ ట్రే: చిన్న చిన్న మాంసపు ఉండలు, సాసేజ్, ఉడికించిన గుడ్డు, రికోటా, చీజ్, టమాటా ఎక్కువగా ఉన్న సాస్. వైట్ సాస్ ఊసే ఉండదు. నేపుల్స్ నుంచి పాలించిన బోర్బన్ వంశపు చివరి రాజు రెండో ఫ్రాన్సిస్కోకు ఇదంటే ఎంత పిచ్చంటే, తండ్రి అతన్ని ముద్దుగా "లాజా" అని పిలిచేవాడట. పేరులోనే సగం వంటకం!

వెల్లుల్లి వద్దనేవాళ్లకు ఆధారం ఉందా అంటే, ఉంది. ఇంటికి రిజిస్ట్రేషన్ చేయించినట్టు, బొలోన్యా రగూను 1982 అక్టోబర్ 17న అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో అధికారికంగా నమోదు చేయించారు. చేయించింది ఇటాలియన్ వంటల అకాడమీ. సరే, కాగితం ఉంది. కానీ అదే కాగితాన్ని 2023 ఏప్రిల్‌లో తిరగరాశారు. తిరగరాసినప్పుడు పాలు పోయడం మీ ఇష్టం అన్నారు, వైన్ తెల్లదైనా ఎర్రదైనా సరే అన్నారు, కొంచెం జాజికాయ వేసుకోవచ్చన్నారు. వెల్లుల్లికి మాత్రం ఇప్పటికీ ప్రవేశం లేదు. అంటే రాసుకున్నవాళ్లే నలభై ఏళ్లకు రెండు మూడు కిటికీలు మార్చుకున్నారు. పైగా ఆ దస్తావేజు బొలోన్యా రగూది. దాన్ని పట్టుకుని నేపుల్స్ ఇంటి గుమ్మంలో నిలబడి గొడవ చేస్తే ఎవరు వింటారు?

ఇంకా వెనక్కి వెళ్దాం. నేపుల్స్ రాజాస్థానానికి చెందినదని చెప్పే 14వ శతాబ్దపు లాటిన్ వంట పుస్తకం ఒకటి ఉంది. అందులో లజానియా ఇలా ఉంటుంది: పులియబెట్టిన పిండిని పలుచగా వత్తి, ముక్కలు కోసి, ఉడకబెట్టి, వరసకు వరసకు మధ్య తురిమిన చీజ్, మసాలా పొడి చల్లాలి. తినడానికి ఒక మొనదేలిన పుల్ల. టమాటా లేదు. ఎలా ఉంటుంది, టమాటా అమెరికా ఖండం నుంచి యూరప్‌కు చేరింది 16వ శతాబ్దంలో! అంటే ఇప్పుడు "అసలైనది" అంటున్న ఎర్ర సాసే ఒకప్పటి మార్పు. మసాలా వేస్తే సంప్రదాయం పోతుంది అనేవాళ్లకు ఈ పుస్తకం చూపించాలని నాకు మహా సరదా.

ఈ ఏడు వందల ఏళ్లలో నిలిచింది ఏమిటి మరి? పలక, దాని మీద అంటిపెట్టుకునేది ఏదో ఒకటి, మళ్లీ పలక. మేస్త్రీ తలెత్తి చూసేది దీన్నే.

[చేతిలో పచ్చి పలక. వెనక నుంచి వెలుగు పడుతుంది, వేళ్ల నీడ కనిపిస్తుంది.]

పలక అంటే స్లాబు. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు, అదే లెక్క. గట్టిగా కలిపి, మూతపెట్టి అరగంట వదిలేయాలి. వదలకపోతే వత్తిన కొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది. ఇంత పలుచగా, వేళ్లు కనిపించేలా రావాలి. మరుగుతున్న ఉప్పునీళ్లలో ఒక నిమిషం, వెంటనే చల్లనీళ్లు, తర్వాత గుడ్డ మీద ఆరబెట్టడం. గుడ్డు తిననివాళ్లు ఇక్కడ ఆగిపోతుంటారు, "మాకు కుదరదు" అని. అక్కర్లేదు. దక్షిణ ఇటలీలో డ్యూరమ్ అనే గట్టి గోధుమ సన్నరవ్వ, నీళ్లు, ఈ రెండింటితోనే పాస్తా పలకలు చేస్తారు. గుడ్డు లేకపోవడం అక్కడ లోటేమీ కాదు. ఉడకబెట్టక్కర్లేని పలకల ప్యాకెట్ కొన్నా నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: అవి ట్రేలోనే నీళ్లు తాగుతాయి, కాబట్టి సాస్ కొంచెం జారుగా ఉండాలి. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు, తర్వాత పలక అట్టలా ఉందంటారు.

ఇప్పుడు సిమెంటు. అంటే వైట్ సాస్. దీన్ని తీసేసేవాళ్ల మీదే నా అసలు కోపం. లీటరు పాలకు 80 గ్రాముల వెన్న, 80 గ్రాముల మైదా. వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతూ చిక్కబరచాలి. చివర్లో జాజికాయ. రుచి గురించి అడిగితే, నిజం చెప్పాలంటే దీనికి పెద్ద రుచేమీ లేదు. మరి ఎందుకు? మైదాలోని పిండిపదార్థం వేడికి ఉబ్బి, నీళ్లను తనలో పట్టేసుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు కదులుతుంది, చల్లారే కొద్దీ బిగుస్తుంది. రగూలోంచి కారే రసాన్ని కూడా ఇదే పట్టుకుంటుంది. సిమెంటు కూడా రుచి చూసి వేయరు కదా!

ఇక్కడే మేస్త్రీ కన్ను పనికొస్తుంది. పని చేస్తున్నది మైదా అని తెలిశాక, వెన్న బదులు ఆలివ్ నూనె, పాల బదులు సోయా పాలు వాడొచ్చని మీకే తడుతుంది. వాడొచ్చు, నిలబడుతుంది. సిమెంటు బ్రాండు మార్చినట్టు. నేపుల్స్ ఇంట్లో ఈ పని రికోటా చేస్తుంది, అది ఇంకో రకం సిమెంటు. మార్చండి, తప్పులేదు. అసలు సిమెంటే లేకుండా ఇటుక మీద ఇటుక పెట్టి, గోడ పడిపోయిందని ఏడవకండి.

గోడకు సిమెంటు ఎంత ముఖ్యమో, నీళ్లు అంత శత్రువు. ఇది నేను సొంత డబ్బుతో నేర్చుకున్నా. మొదటిసారి మాంసం లేకుండా చేద్దామని, దోసకాయలా ఉండే జుకినీని పచ్చిగానే ముక్కలు కోసి పేర్చాను. జుకినీలో 90 శాతానికి పైగా నీళ్లే. పుట్టగొడుగులూ అంతే. ఓవెన్ వేడికి ఆ నీళ్లన్నీ బయటికి వచ్చాయి. ఇంటికొచ్చిన ఆరుగురి ముందు కత్తి దింపితే ముక్క రాలేదు, సూప్ వచ్చింది. పాపం మర్యాదస్థులు, స్పూన్లు అడిగారు. అప్పటినుంచి ఏ కూరగాయైనా ముందు పెనం మీదో ఓవెన్‌లోనో నీరు ఇంకిపోయి అంచులు ఎర్రబడేదాకా వేయిస్తా. రికోటాను గుడ్డలో కట్టి వేలాడదీస్తా. తాజా మొజరెల్లాలో నీరు పిండేసి, ఆరబెడతా. నీటి సంగతి చూసుకోకుండా చేసిన ఏ మార్పూ లజానియాలో నిలవదు.

మరి రగూ? అందరూ అదే లజానియా ప్రాణం అనుకుంటారు. రుచికి ప్రాణమే, కాదనను. కానీ కట్టడం చూస్తే అది అడ్డుగోడ. తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి మెల్లగా వేయించడం, తర్వాత మాంసం, వైన్, టమాటా, సన్నని సెగ మీద రెండు మూడు గంటలు. మాంసం వద్దంటే ఇటలీలోని ఉంబ్రియా కొండల్లో పండే సన్న లెంటిల్స్ (మసూర్ రకం పప్పు) లాంటివి గానీ, బాగా వేయించిన పుట్టగొడుగులు గానీ పెట్టండి. మాంసం పోయినప్పుడు పోయేది లోతు. దాన్ని తిరిగి తేవాలంటే టమాటా పేస్టును నూనెలో రంగు ముదిరేదాకా వేయించాలి, ఎండు పోర్చినీ పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు పోయాలి. వైన్ వద్దా? పుల్లదనం కోసం చివర్లో ఒక చుక్క వెనిగర్ చాలు. పరీక్ష ఒకటే: గిన్నె అడుగున గరిటెతో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం అలాగే ఉండాలి. వెంటనే మూసుకుపోతే ఇంకా నీళ్లున్నాయి.

శాకాహారులకు ఇంకో మాట, ఎవరూ చెప్పరు. అసలైన పార్మెజాన్, అంటే పార్మిజానో రెజ్జానో చేయడానికి, దూడ కడుపులోంచి తీసే రెనెట్ అనే పదార్థంతోనే పాలు విరగ్గొడతారు, వాళ్ల నియమం అది. మీకు పట్టింపు ఉంటే లేబుల్ మీద శాకాహార రెనెట్ అని రాసున్న గట్టి చీజ్ కొనండి.

కారం, వెల్లుల్లి, తులసి, మిరియాలు, ఇవన్నీ రంగు. వేసుకోండి, మానుకోండి, వేరే వేసుకోండి. నేను వెల్లుల్లి వేస్తా. ఇంట్లోవాళ్లు కారం ఎక్కువ కావాలంటే ఎండుమిర్చి కూడా వేస్తా. ఉప్పు ఒక్కటి జాగ్రత్త, చీజ్‌లో ఎలాగూ ఉంటుంది.

[టైమర్ వైపు చూస్తూ]

అమ్మో, రెండు నిమిషాలే. గబగబా చెప్పేస్తా. ట్రేకు వెన్న రాయండి, అడుగున కొంచెం సాస్, దాని మీద పలక, రగూ, వైట్ సాస్, చీజ్. ఇలా ఐదు అంతస్తులు. రగూ మందంగా పోయకండి, ఒక్కో అంతస్తూ పలుచగా ఉంటేనే నిలుస్తుంది. పైన పలక ఎక్కడా బయటికి కనపడకూడదు, కనపడిన చోటల్లా ఎండి విరుగుతుంది. 180 డిగ్రీల్లో 30 నుంచి 40 నిమిషాలు. ప్యాకెట్ పలకలైతే మొదటి 20 నిమిషాలు ఫాయిల్ కప్పండి. ముందురోజే పేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అప్పుడు ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఫ్రీజర్ గురించి ఇంకో వీడియోలో చెప్తా, ఇప్పుడు కుదరదు.

ఇక ఈ 15 నిమిషాలు ఎందుకంటే... స్లాబు పోసిన మర్నాడే సెంట్రింగ్ ఊడదీస్తారా ఎవరైనా? తీస్తే ఏమవుతుంది? ఇందాక చెప్పాను కదా, వైట్ సాస్ చల్లారే కొద్దీ బిగుస్తుందని. ఇప్పుడు జరుగుతున్నది అదే. ట్రేనే సెంట్రింగ్.

[టైమర్ మోగుతుంది. కత్తి దిగుతుంది. ముక్క పళ్లెంలోకి వస్తుంది.]

చూశారా, ఐదు అంతస్తులూ లెక్కపెట్టొచ్చు. ఈ కుడి మూల మాత్రం కాస్త ఒరిగింది... అక్కడ పుట్టగొడుగులు నేను తొందరపడి దించేసినవి. మేస్త్రీ చూస్తే తిడతాడు. సరే, కెమెరా ఆపండి, తింటాను.