కారవాన్‌కు వైర్‌లెస్ రియర్ కెమెరా: బొమ్మ సరే, సిగ్నల్ మాటేమిటి?

నమస్కారం. ఈ బల్ల మీద మూడు రకాల వైర్‌లెస్ రియర్ కెమెరాలు ఉన్నాయి. కారవాన్, అంటే బండి వెనుక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు, దాని వెనుక బిగించుకోవడానికని అమ్ముతున్నవే ఇవన్నీ. కంపెనీ పేర్లు చెప్పను. ఒకే సరుకు మీద నాలుగు పేర్లు అచ్చేసి అమ్మే బజారు ఇది. రకం తెలిస్తే పేరుతో పని లేదు.

ముందు మన రోడ్డు సంగతి. ఆంధ్రలోని సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా ఒడిశాలోని సెమిలిగుడ వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి ఇది. లోడు లారీ మలుపు తిరిగితే రోడ్డంతా దానిదే. 1,672 మీటర్ల దేవమాలి కొండ చూడటానికి బొలేరో వెనుక కారవాన్ తగిలించుకుని వచ్చేవారికి లోపలి అద్దంలో కనిపించేది కారవాన్ ముందు గోడ ఒక్కటే. వెనుక హారన్ కొడుతున్నది లారీయో, మోటారు సైకిలో తెలియదు. కెమెరా అవసరం అక్కడే. పక్క అద్దాలను పొడిగించుకోవడం మాత్రం తప్పదు. కెమెరా ఉంది కదా అని అద్దాలు మానేసేవారి కోసం కాదు ఈ వీడియో.

మొదటిది అనలాగ్ రకం, అన్నిటికన్నా చవక. బొమ్మ వెంటనే వస్తుంది, ఆలస్యం ఉండదు. కానీ పక్కన వైఫై ఉన్నా, మరో వాహనంలో ఇలాంటి కెమెరాయే ఉన్నా తెర మీద గీతలు పరుగెడతాయి. ఒక్కోసారి పక్క బండి వెనుక దృశ్యం మన తెర మీదికి వస్తుంది. కారవాన్‌కు ఇది వద్దు.

రెండోది ఫోనుకు బొమ్మ పంపే వైఫై రకం. కారవాన్ కొక్కెం తగిలించేటప్పుడు బాగా పనికొస్తుంది. బండి నడుస్తుండగా దీన్ని నమ్మలేం. ఇంటర్నెట్ లేని వైఫై అని ఫోను తనంతట తానే వదిలేస్తుంది, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే తెర మారిపోతుంది.

మూడోది డిజిటల్ రకం. కెమెరా, తెర ముందే జత కట్టి ఉంటాయి కనుక పక్క బండి బొమ్మ రాదు. ఇదీ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీదే నడుస్తుంది. 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు మన దేశంలో 2005 నుంచి విడిగా లైసెన్సు అక్కరలేదు. ఇందులో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది. 0.2 సెకన్లు అనుకుందాం. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్తుంటే ఆ లోపల బండి 28 సెంటీమీటర్లు, అంటే జానెడు దాటి కదిలిపోతుంది. గోడకు జానెడు దూరంలో ఆపుదాం అనుకుంటే అప్పటికే తగిలి ఉంటుంది. మూర తేడా ఉంచుకోండి.

అసలు విషయం ఇప్పుడు. సిగ్నల్ పోయినప్పుడు తెర ఏం చేస్తుంది? కొన్ని సెట్లు నల్లబడి ‘సిగ్నల్ లేదు’ అని చూపిస్తాయి. మంచిదే, మనం ఆగుతాం. కొన్ని మాత్రం ఆఖరి బొమ్మను అలాగే పట్టుకుని కూర్చుంటాయి. తెర మీద ఖాళీ రోడ్డు, వెనుక మాత్రం మనిషి. కుందులి సంత పక్క సందులో బండి వెనక్కి తీస్తూ ఆ పాత బొమ్మను నమ్మితే ఏమవుతుందో ఆలోచించండి. అలాంటి కెమెరాకు ఎంత స్పష్టత ఉన్నా నా దృష్టిలో సున్నా మార్కులే. కొనగానే కెమెరా వెనుక ఒకరిని చెయ్యి ఊపుతూ నిలబెట్టండి. మీరు యాంటెన్నాను అరచేత్తో మూయండి, కెమెరా కరెంటు తీయండి. తెర నల్లబడకపోతే వెనక్కి ఇచ్చేయండి.

పెట్టె మీద 100 మీటర్ల దూరం అని రాస్తారు. అది ఖాళీ మైదానంలో మాట. కారవాన్‌లో కెమెరా వెనుక గోడ మీద, తెర డ్రైవర్ ముందు. మధ్యలో అల్యూమినియం రేకులు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, ఆపైన బండి ఇనుము. రేడియో తరంగాలకు లోహం గోడే. పైగా హెయిర్‌పిన్ మలుపులో కారవాన్ పక్కకు తిరిగితే సిగ్నల్ దారే మారిపోతుంది. అందుకే యాంటెన్నా విప్పి, పొడిగింపు కేబుల్‌తో కారవాన్ ముందు గోడ పైకి తెచ్చుకునే వీలున్న సెట్టే తీసుకోండి. సుంకి ఘాట్‌లో నాకు తేడా చేసింది ఆ కేబులే.

ఇక కరెంటు. బొమ్మ గాలిలో వచ్చినా కెమెరాకు 12 వోల్టులు తీగలోనే రావాలి. రివర్స్ లైటుకు కలిపితే గేరు వేసినప్పుడే బొమ్మ వస్తుంది. దారి పొడవునా చూడాలంటే అది చాలదు. టెయిల్ లైటుకు కలిపితే లైట్లు వేసినంతసేపే. బండి నుంచి కారవాన్‌కు కరెంటు ఇచ్చే యూరప్ పద్ధతి 13 పిన్నుల సాకెట్ ఉంటే సులువు: 8వది రివర్స్ లైటు, 9వది ఎప్పుడూ కరెంటు ఉండేది, 10వది తాళం తిప్పితే వచ్చేది. కెమెరాకు 10వదే సరైనది, 9వదానికి కలిపి మర్చిపోతే పొద్దుటికి బ్యాటరీ దిగిపోతుంది. తీగ గొడవే వద్దని సోలార్ రకం, అయస్కాంతం రకం కొనేవారు ఒకటి గుర్తుంచుకోండి: అల్యూమినియానికీ ఫైబర్‌కూ అయస్కాంతం అతుక్కోదు.

చూపు కోణం 170 డిగ్రీలని మురిసిపోవద్దు. కోణం పెరిగేకొద్దీ వెనుక లారీ ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. 120, 130 చాలు. అద్దంలోలా కుడి ఎడమలు సరిగ్గా పడుతున్నాయో చూసుకోండి. తెర మీది పార్కింగ్ గీతలు కారు కోసం గీసినవి. వెనక్కి తీసేటప్పుడు కారవాన్ స్టీరింగ్‌కు ఎదురు తిరుగుతుంది కనుక అవి ఉపయోగపడకపోగా తికమక పెడతాయి, ఆపేయండి. చెయ్యి స్టీరింగ్ కింది అంచున పెట్టి, కారవాన్ వెనుక భాగం ఎటు వెళ్లాలో చేతిని అటు జరపండి. ఏ గీతల కన్నా ఇదే నయం.

వానకు ఐపీ67 ఉండాలి, దుమ్మునూ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు అది. మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని ఈ 67కు అర్థం. ప్రెషర్ పంపుతో బండి కడిగించేవారైతే ఐపీ69కె చూడండి. రాత్రి చూపుకోసం ఎన్ని ఇన్‌ఫ్రారెడ్ బల్బులున్నాయని గొప్పగా రాస్తారు కానీ, పొట్టంగి దగ్గర చలికాలం పొగమంచులో ఆ వెలుగు తిరిగి కెమెరాలోకే కొట్టి తెర తెల్లబారుతుంది. బల్బులు ఆర్పే స్విచ్ ఉన్నది ఎంచుకోండి.

ట్రాక్టర్ ట్రాలీకి పెట్టుకోవచ్చా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు, ట్రాక్టర్ కూడా 12 వోల్టులే. లారీకైతే 24 వోల్టులు తట్టుకుంటుందో లేదో పెట్టె మీద చదివాకే బిగించండి. 13 పిన్నుల వైరింగ్ విడిగా చూపిస్తాను.