గుద్దింది ఎవరు? 'ద మెషినిస్ట్' రివ్యూ

బరంపురం నుంచి అందరికీ నమస్కారం. ఈరోజు సినిమా కొత్తది కాదు, 2004లో బ్రాడ్ ఆండర్సన్ తీసిన 'ద మెషినిస్ట్'. ముగింపు దాచిపెట్టి దీని గురించి మాట్లాడటం నా వల్ల కాదు. చూడనివాళ్లు ఇక్కడే ఆపేసి, చూసొచ్చి వినండి.

ట్రెవర్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. ఏడాదిగా కంటిమీద కునుకు లేదు, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఈ పాత్ర కోసం క్రిస్టియన్ బేల్ సుమారు 28 కిలోలు తగ్గాడు. అందరూ ఆ ఒంటి గురించే మాట్లాడి కథను వదిలేస్తారు, అదే నా బాధ.

ఫ్యాక్టరీలో ఐవన్ అనే మనిషి కనిపిస్తాడు. అలాంటోడు ఇక్కడ లేడే అంటారు తోటివాళ్లు. ట్రెవర్‌కి పట్టుదల పెరుగుతుంది. ఐవన్ కారు నంబరు దొరుకుతుంది గానీ, ఓనరెవరో బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెప్పరు. దాంతో ఏం చేస్తాడో తెలుసా? తనే వెళ్లి ఓ కారుకి అడ్డం పడతాడు. ఆ దెబ్బలతో స్టేషన్‌కెళ్లి, ఐవన్ నంబరున్న కారే గుద్దేసి వెళ్లిపోయిందని దొంగ కంప్లైంట్ ఇస్తాడు. పోలీసులు రికార్డు తీస్తే ఆ కారు ట్రెవర్‌దే!

ఏడాది కిందట ఓ పిల్లాణ్ని తల్లి కళ్లముందే గుద్ది, ఆపకుండా వెళ్లిపోయింది ఇతనే. దొంగ కంప్లైంట్ అనుకున్నాం కదా, అందులో కారు నిజం, పారిపోవడం నిజం. దెబ్బ తిన్నదెవరన్నదే అబద్ధం. ఈ సీన్ రాసినాయనకి దండం పెట్టాలి.

మనవైపు ఈ కథ ఇంకోలా తగులుతుంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా ఎన్‌హెచ్ 16 మీద రాత్రంతా లారీలే. గుద్ది, ఎవరికీ చెప్పకుండా పోతే పదేళ్ల దాకా జైలు అన్న కొత్త సెక్షన్ మీద 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు సమ్మె చేశారు. ఆ సెక్షన్ ఉన్న కొత్త క్రిమినల్ చట్టం, భారతీయ న్యాయ సంహిత, అదే ఏడాది జులై 1న అమల్లోకి వచ్చినా, ఆ ఒక్క సెక్షన్‌ని పక్కన పెట్టారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది డ్రైవర్ల మాట. అది ఉత్త సాకని నేను అనను. కానీ ట్రెవర్‌ని కొట్టడానికి అక్కడ ఏ గుంపూ రాలేదు. చెప్పుకోవడానికి సాకే లేదు కాబట్టి ఐవన్‌ని పుట్టించుకున్నాడు.

తిండీ నిద్రా లేకపోవడమే అతని ప్రాయశ్చిత్తం అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. అతను ఎంత ఎండిపోయినా ఆ తల్లికి ఒరిగిందేంటి? పైగా రోజూ రాత్రి ఎయిర్‌పోర్ట్ కేఫ్‌లో మారియా అనే ఆవిడతో కబుర్లు. ఆవిడది ఆ తల్లి ముఖమే. చచ్చిపోయిన పిల్లాడు కూడా ఆమెతో బతికే ఉంటాడు, అంతా ఊహలోనే. అంటే తప్పు ఒప్పుకోకముందే క్షమాపణ తీసేసుకున్నాడన్నమాట. ఐవన్ కంటే నాకు ఇదే భయం వేసింది.

చివర్లో ఎయిర్‌పోర్ట్ దారి వదిలి, ఊళ్లోకి తిప్పి, పోలీస్ స్టేషన్‌కి వెళ్లి చెప్పేస్తాడు. సెల్లో పడుకుని నిద్రపోతాడు. బాగుంది. కానీ ఆ కబురు ఆ తల్లికి చేరిందా? ఆవిడ ఇంటి గుమ్మం కూడా చూపించలేదు. ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటి తగ్గించింది అందుకే.

రెండోసారి చూసేవాళ్లు గడియారాలు గమనించండి. ఒంటిగంటన్నర ఎక్కడెక్కడ కనపడిందో కామెంట్లో పెట్టండి. ఒడియాలో రాసినా పర్లేదు, చదువుతాను.