లిస్బన్‌లో పైనుంచి కిందికి, ఇద్దరికి ఒక పళ్లెం

శ్రోతలకు నమస్కారం. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ని భార్యాభర్తలిద్దరూ కాలినడకన ఎలా చూడాలి, ఆ నడక మధ్యలో ఎక్కడ ఆగి ఏం తినాలి అన్నది ఈ పూట చెప్పుకుందాం.

లిస్బన్ కొండల ఊరు. అక్కడివాళ్లు కూడా మాది ఏడు కొండల ఊరనే చెప్పుకుంటారు. కింద తేజు నది, ఒడ్డున చదునైన కొంచెం నేల, మిగతాదంతా ఎక్కుడూ దిగుడూ. వెళ్లినవాళ్లలో చాలామంది చదునుగా ఉంది కదా అని నది ఒడ్డునే నడక మొదలుపెడతారు. సరిగ్గా ఎండ ముదిరే వేళకు కోట కింద మెట్ల దగ్గర తేలతారు. అప్పటికి ఒకరికి ఆయాసం, ఇంకొకరికి ఆకలి. దీనికి మందు ఒక్కటే. పైకి బండి మీద వెళ్లండి, కిందికి కాళ్ల మీద రండి. పొద్దున్నే గ్రాస అనే పేట దాకా ఎక్కేస్తే, అక్కడి నుంచి నది దాకా రెండు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దాదాపు అంతా పల్లమే. ఆగుతూ, తింటూ, చూస్తూ దిగడానికి మధ్యాహ్నం మూడు దాకా పడుతుంది.

గ్రాసకు 28వ నంబరు పసుపు ట్రామ్ వెళ్తుంది. మార్తిం మొనిజ్ చౌరస్తాలో బయలుదేరుతుంది. ఉదయం ఎనిమిదిలోపు అయితే కూర్చునే చోటు దొరుకుతుంది. పది దాటాక వరస చాంతాడంత ఉంటుంది, ట్రామ్‌లో జేబుదొంగల బెడదా ఎక్కువే. సంచి ముందుకు వేసుకోండి, ఫోను వెనక జేబులో పెట్టకండి. టికెట్‌కు నావెగాంత్ అనే కార్డు కొనాలి. కార్డు ఖరీదు అర యూరో, అందులో డబ్బు వేసుకోవాలి. ఇక్కడే దంపతులు పొరబడతారు. ఒక కార్డు మీద ఇద్దరు ప్రయాణం చేయడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లకు ఉండాలి. ఇంకొకటి, కార్డులో విడి డబ్బు మిగిలి ఉండగా దాని మీదే రోజంతా తిరిగే టికెట్ వేయించాలంటే యంత్రం ఒప్పుకోదు. ఏ పద్ధతిలో వెళ్లాలో ముందే తేల్చుకుని డబ్బు వేయండి.

చెప్పుల సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. లిస్బన్ కాలిబాటలు చాలావరకు సున్నపురాయి ముక్కలు పరిచినవి. తెల్లరాయి మధ్యలో నల్లరాయితో అలలూ పువ్వులూ వేస్తారు. చూడ్డానికి ముగ్గులా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి జనం నడిచి నడిచి ఆ రాయి అద్దంలా నున్నబడింది. నాలుగు చినుకులు పడితే చాలు, నూనె ఒలికిన గచ్చే. అడుగున గాళ్లున్న రబ్బరు బూట్లు తప్పనిసరి. తోలు అడుగు జారుతుంది, మడమ చెప్పులు రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. బాగా వాలుగా ఉన్నచోట తిన్నగా దిగకుండా కాస్త అటూ ఇటూ వంకరగా దిగితే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది.

గ్రాసలో ట్రామ్ దిగి చర్చి పక్కనున్న అరుగు మీదికి వెళ్లండి. ఇలా ఊరు చూడ్డానికి కట్టిన చోట్లను మిరదోరు అంటారు. ఎదురుగా కోట, దాని కింద ఎర్ర పెంకుల ఇళ్లు, వెనక నది. ఇక్కడే కాఫీ. చిన్న కప్పులో వచ్చే చిక్కటి నల్ల కాఫీని లిస్బన్‌లో బీక అంటారు. పాలు లేందే తాగలేమనుకుంటే గలావ్ అడగండి, పొడుగు గ్లాసులో ముప్పాతిక వంతు పాలతో ఇస్తారు. కాఫీ దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బయట ఆరుబయలు కుర్చీల్లో కూర్చుంటే చాలా చోట్ల అంతకు మించిన ధర.

అక్కడి నుంచి ట్రామ్ పట్టాల వెంటే దిగితే సావ్ విసెంత్ చర్చి వస్తుంది. మంగళవారం, శనివారం అయితే దాని వెనక మైదానంలో పాత సామాన్ల సంత ఉంటుంది. తర్వాత వచ్చే ఎష్కోలష్ జెరైష్ వీధి ఎంత ఇరుకంటే ట్రామ్ గోడను రాసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. గంట వినపడగానే ఇద్దరూ చెరో గుమ్మంలోకి ఒదిగి గోడకు వీపు ఆనించండి. ఆ క్షణంలో ఫొటో కోసం చెయ్యి చాపకండి.

వీధి దాటాక సాంత లుజీయ చర్చి. బయటి గోడ మీద నీలిరంగు పలకల (టైల్స్) బొమ్మ ఒకటి ఉంది. నది ఒడ్డున రాజభవనం, దాని ముందు పెద్ద మైదానం. ఆ బొమ్మను తీరిగ్గా చూసి మనసులో పెట్టుకోండి, గంటన్నరలో మీరు నిలబడబోయేది ఆ మైదానంలోనే. అయితే భవనం ఉండదు.

ఇక అల్ఫామ మెట్లు. ఇది అరబ్బుల నాటి పేట, పేరు కూడా వేడినీటి ఊటలకు అరబ్బీలో ఉన్న మాట నుంచి వచ్చిందే. ఇక్కడ మ్యాప్ మూసేసినా ఫరవాలేదు, పల్లానికి దిగుతూ పోతే ఎక్కడో ఒకచోట నది తగులుతుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనశాలలు తెరుస్తారు. పెద్ద బొమ్మల మెనూ పెట్టి బయట నిలబడి పిలిచే హోటల్ వదిలేయండి. గోడకు కాగితం మీద చేత్తో రాసి అంటించిన ఆనాటి వంటకం ఉన్న చిన్న కొట్టును చూసుకోండి. కూర్చోగానే రొట్టె, ఆలివ్‌లు, వెన్న, ఒక్కోసారి జున్ను అడక్కుండానే తెచ్చి పెడతారు. దాన్ని కువేర్ అంటారు. మర్యాద కోసం ఇచ్చారనుకుని తింటే బిల్లులో వస్తుంది. ముట్టుకోకపోతే దానికి డబ్బు తీసుకోకూడదని అక్కడి చట్టమే చెబుతోంది. వద్దనుకుంటే నవ్వుతూ వెనక్కి ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మెనూలో ఒక్కో వంటకానికి రెండు ధరలు కనిపిస్తే కంగారుపడొద్దు. దోజ్ అంటే పూర్తి పళ్లెం, మేయ దోజ్ అంటే సగం. పూర్తి పళ్లెం చాలా కొట్లలో ఇద్దరికి సరిపోతుంది. ఇద్దరూ చెరొకటి చెప్పి సగం వదిలేయడం అక్కడ రోజూ జరిగేదే. ఒక దోజ్, రెండు ఖాళీ పళ్లేలు అడగండి. చేపకు మాత్రం జాగ్రత్త. మెనూలో ఉన్న అంకె కిలో ధర కావచ్చు. కాల్చక ముందే తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో అడగండి.

చేపల్లో సార్డిన్‌ల కాలం జూన్ నుంచి సెప్టెంబరు. జూన్ 12 రాత్రి సాంతు అంతోనియు పండుగకు అల్ఫామ వీధులన్నీ బొగ్గుల పొగే. రాతి ఉప్పు చల్లి నిప్పుల మీద కాల్చిన చేపను మందపాటి రొట్టె ముక్క మీద పెట్టి ఇస్తారు. పైన చేప తింటున్నంతసేపూ కొవ్వూ ఉప్పూ కింద రొట్టెలోకి దిగుతాయి. ఆ రొట్టె ఆఖర్న తినాలి, అసలు రుచి అందులోనే. మిగతా నెలల్లో ఎండబెట్టిన ఉప్పు చేప బకల్యావ్ ఉంది. రోజో రెండ్రోజులో నీళ్లు మారుస్తూ నానబెట్టి వండుతారు. సన్నటి బంగాళాదుంప వేపుడు, ఉల్లి, గుడ్డు కలిపి చేసే బకల్యావ్ ఆ బ్రాష్ అనే రకం మన నోటికి త్వరగా పడుతుంది.

శాకాహారులు కొంచెం మెలకువగా ఉండాలి. పోర్చుగీసులో మాంసం అనే మాటలో చేప రాదు. మాంసం వద్దంటే చేప తెచ్చిపెట్టడం వాళ్ల తప్పు కాదు. "సేం కార్న్, సేం పైష్" అని రెండూ చెప్పాలి. కాల్దు వేర్ద్ అనే సూప్ బంగాళాదుంప గుజ్జులో వెంట్రుకల్లా తరిగిన ఆకుకూర వేసి చేస్తారు, కానీ పైన ఒక సాసేజ్ ముక్క తేలుతుంటుంది. అది లేకుండా ఇవ్వమనాలి, నీళ్లు మాంసం ఉడికించినవా అనీ అడగాలి. గుడ్డు తినేవాళ్లకైతే పైషీన్యుష్ ద ఓర్త ఉంది. పేరుకు అర్థం తోటలోని చిన్న చేపలు, నిజానికి బీన్స్ బజ్జీలు. పిండిలో ముంచి నూనెలో వేయించినవే. పోర్చుగీసువాళ్ల ఇలాంటి వేపుడు నుంచే జపాన్ వాళ్ల తెంపుర పుట్టిందంటారు.

కారం తగ్గిందనిపిస్తే పిరిపిరి అనే మిరప సాస్ అడగండి. మిరపకాయ మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు ఓడలే, అంతకు ముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలే. ఆ రాకపోకల జాడ మాటల్లోనూ మిగిలింది. అనాస పండును అక్కడా అననాష్ అంటారు, తువ్వాలును తువాల్య అంటారు, రొట్టెను పావ్ అంటారు. గోవా మీదుగా వెళ్లిన సమోసా షముస పేరుతో కాఫీ దుకాణం అద్దాల వెనక కనబడుతుంది. లోపల చాలాసార్లు మాంసమే, అడిగి తీసుకోండి.

భోజనం అయ్యాక సె కథీడ్రల్ మీదుగా దిగితే బైష పేట. వీధులు ఒక్కసారిగా గళ్ల నోటుబుక్కులా తిన్నగా అవుతాయి. 1755 నవంబరు 1న, పండుగ రోజు ఉదయం చర్చిల నిండా జనమూ వెలిగించిన కొవ్వొత్తులూ ఉండగా భూకంపం వచ్చింది. తర్వాత నది పొంగి మీద పడింది, నిప్పు రోజుల తరబడి కాల్చింది. మళ్లీ కట్టేటప్పుడు గోడల్లో కర్రతో పంజరంలాంటి చట్రం బిగించారు. నేల ఊగితే గోడ విరగకుండా దానితోపాటు ఊగాలని. ఆ చట్రం నమూనా చుట్టూ సైనికులతో కవాతు చేయించి అదురుకు తట్టుకుంటుందో లేదో చూశారని చెబుతారు. చివర్న వచ్చే నది ఒడ్డు చౌరస్తాకు వాణిజ్య చౌరస్తా అని పేరు పెట్టినా, ఊరివాళ్లు ఇప్పటికీ రాజభవనం మైదానం అనే అంటారు. నీలి పలకల మీద మీరు చూసింది ఇదే.

మరుసటి ఉదయం రైల్లో బెలేం. కైష్ దు సొద్రె స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు. 1497లో వాస్కో ద గామా ఓడలు కదిలింది ఆ ఒడ్డు నుంచే, ఆయన సమాధి అక్కడి జెరోనిముష్ మఠంలోనే ఉంది. మఠం పక్కన 1837 నుంచి నడుస్తున్న మిఠాయి కొట్టు ఉంది. మఠాలను మూసేశాక సన్యాసుల వంటకం బయటికి వచ్చి అమ్మకానికి చేరింది. ఈ రకం మిఠాయిని ఊరంతా పశ్తెల్ ద నాత అంటారు.

దీన్ని దగ్గరగా చూడండి. వెన్న పెట్టి మడతలు వేసిన పిండిని చాపలా చుట్టి, బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్లను చిన్న రేకు గిన్నెలో నిలబెట్టి, తడి బొటనవేలితో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ వస్తారు. అందుకే అడుగున పొరలు చుట్టలా తిరిగి ఉంటాయి. పాలు, పాకం, గుడ్డు పచ్చసొనల మీగడ పోసి చాలా ఎక్కువ మంటలో కాసేపే కాలుస్తారు. మంట తగ్గితే మీగడ ముందే పొంగి విరుగుతుంది, అడుగు పచ్చిగా మిగులుతుంది. పైన నల్ల మచ్చలు మాడిపోయినవి కావు, మంట సరిపోయిందన్న గుర్తు. చేతిలోకి తీసుకుంటే అడుగు వంగకూడదు, కొరికితే చప్పుడు రావాలి. దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడిగా ఉండగానే తినండి.

కొట్టు బయట కనిపించే పొడుగు వరస పొట్లం కట్టించుకునేవాళ్లది. లోపల పలకలు తాపిన గదులు ఎన్నో ఉన్నాయి, కూర్చునే చోటు చాలాసార్లు త్వరగానే దొరుకుతుంది. పొట్లంలో ఆరు ఇచ్చి, చక్కెర, దాల్చినచెక్క పొడి కూడా పెడతారు. సాయంత్రానికల్లా తినేయండి, రాత్రి దాటితే పొరలు మెత్తబడతాయి. మిగిలితే బాగా వేడెక్కిన ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి.