కిల్కెన్నీకి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయకండి

నమస్కారం. ఐర్లండ్ వెళ్తున్నాం, ఒకసారి మా ప్లాను చూడండి అని నాకు పంపే తెలుగువాళ్ల జాబితాల్లో ఒక వరుస దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది. అన్ని రాత్రులూ గది డబ్లిన్‌లోనే. మధ్యలో ఒక రోజు పొద్దున బస్సెక్కి విక్లో కొండలు, గ్లెండలాక్ లోయలోని పాత మఠం, కిల్కెన్నీ ఊరు. మూడూ ఒక్క రోజులోనే! వెళ్లొచ్చాక కిల్కెన్నీ ఎలా ఉందని అడిగితే, "కోట బాగుంది, ఊళ్లో మాత్రం పెద్దగా ఏమీ లేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ వీడియో.

తిరుమల సంగతి మనందరికీ తెలుసు. గంటల తరబడి క్యూలో నడిచి, గర్భగుడి ముందు నిలబడేది కొద్ది క్షణాలే. "జరగండి, జరగండి" అంటుండగానే కళ్లనిండా చూసుకోవాలి. అక్కడ అది చాలు, స్వామి దర్శనానికి ఒక్క క్షణమైనా చాలు. కానీ ఒక ఊరిని అలా చూడలేం. టూరు బస్సులో కిల్కెన్నీ వెళ్లడమంటే క్షణ దర్శనమే. బస్సు దిగి, కోట ముందు ఫోటో తీసుకుని, భోజనం కోసం చోటు వెతుక్కునేసరికి గైడు చేయి ఊపుతూ పిలుస్తుంటాడు. అదే కొండమీద రాత్రి ఉండి, తెల్లవారుజామున మాడవీధుల్లో నడిచినవాళ్లను అడగండి. వాళ్లు చెప్పే తిరుమల వేరుగా ఉంటుంది. కిల్కెన్నీలో రెండు రాత్రులు ఉండమని నేను బతిమాలేది అందుకే.

(తెరపై: ఊరి మ్యాపు. కోట నుంచి కెథడ్రల్ దాకా ఎర్రగీత.)

ఈ గీత చూడండి. ఒక చివర కోట, ఇంకో చివర సెయింట్ కానిస్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి. మధ్యలో సుమారు కిలోమీటరు దూరం. దీన్నే మిడీవల్ మైల్, అంటే మధ్యయుగపు మైలు అంటారు. ఆగకుండా నడిస్తే పావుగంట. బస్సువాళ్లు దీన్ని చూసే "రెండు గంటలు చాలు" అంటారు. నేను దీన్ని చూసే "రెండు రోజులైనా ఉండండి" అంటాను.

కోటతో మొదలుపెడదాం. నోర్ నది ఒడ్డున ఈ రాతికోటను విలియం మార్షల్ అనే నార్మన్ ప్రభువు 13వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. 1391లో బట్లర్ కుటుంబం కొనుక్కుని, 1935 దాకా తమ చేతుల్లోనే ఉంచుకుంది. ఖర్చు భరించలేక కోట వదిలి వెళ్లేటప్పుడు లోపలి సామానంతా వేలం వేశారు. 1967లో కోటను ఊరివాళ్ల సంఘానికి ఇచ్చేశారు. ఎంతకో తెలుసా? 50 పౌండ్లకు. ఇప్పుడు లోపల గదుల అలంకరణ చూస్తున్నప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఖాళీ గదులను ఎంతో ఓపికగా మళ్లీ నింపుకున్నారు.

ముంగిట్లో నిలబడితే ఇంకో విషయం కనిపిస్తుంది. కోటకు మూడు వైపులే ఉన్నాయి. 1650లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం ముట్టడించినప్పుడు తూర్పు వైపు బాగా దెబ్బతింది, తర్వాత దాన్ని తీసేశారు. ఆ తెరిచిన వైపు నుంచి పచ్చని పార్కు మొదలవుతుంది. పార్కులోకి టికెట్టు లేదు. పొద్దున్నే కుక్కలను తిప్పేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, బడికి అడ్డదారిన వెళ్లే పిల్లలు అక్కడే ఉంటారు. కోట కింద నది వెంబడి కాలిబాట కూడా ఉంది. టూరు బస్సు రాకముందు ఈ రెండు చోట్లా తిరిగారంటే ఊరు మీతో మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఇక అక్కడి నుంచి హై స్ట్రీట్ మీదుగా నడవండి. వానపడి ఉంటే ఇంకా మంచిది. ఇక్కడి రాయిని కిల్కెన్నీ నల్ల మార్బుల్ అంటారు, ఈ ఊరికి మార్బుల్ సిటీ అనే పేరూ ఉంది. నిజానికి అది పాలరాయి కాదు, సున్నపురాయి. మెరుగు పెడితే నల్లగా నిగనిగలాడుతుంది. తడిసినప్పుడు దగ్గరగా వంగి చూడండి. నల్లటి రాతిలో తెల్లటి చిన్నచిన్న వంపులు, చుక్కలు కనిపిస్తాయి. అవి కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన జీవుల గుల్లలు, పగడాల అవశేషాలు. నలుగురు మనుషులు గొడుగులతో గబగబా దాటిపోయే రాతిలో ఒక సముద్రం ఉంది. గైడు వెనక పరుగెత్తేవాళ్లు వంగి చూడలేరు కదా!

హై స్ట్రీట్‌లో బటర్ స్లిప్ అని సన్నటి సందు వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ వరసగా కూర్చుని వెన్న అమ్మేవాళ్లు. మెట్లు దిగి ఆ సందులోంచి అవతలికి వస్తే సెయింట్ కీరన్స్ స్ట్రీట్. అక్కడ కైట్లర్స్ ఇన్ అనే పాత పబ్బు ఉంటుంది. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ కథను అందరూ సగమే చెబుతారు.

1324లో డేమ్ ఆలిస్ కైట్లర్ అనే ధనవంతురాలి మీద మంత్రగత్తె అని నేరం మోపారు. నాలుగు పెళ్లిళ్లు చేసుకున్న మనిషి, వడ్డీ వ్యాపారం చేసే ఇల్లు. సవతి పిల్లలు ఫిర్యాదు చేశారు, బిషప్ రిచర్డ్ డి లెడ్రీడ్ కేసు నడిపాడు. ఆలిస్‌కు పలుకుబడి ఉంది, దేశం దాటి తప్పించుకుంది. ఆమె పనిమనిషి పెట్రోనిల్లాకు ఏ పలుకుబడీ లేదు. కొరడాలతో కొట్టి ఒప్పించి, ఆ ఏడాది నవంబరు 3న సజీవంగా తగలబెట్టారు. బోర్డుల మీద, పానీయాల పేర్లలో ఆలిస్ పేరే కనిపిస్తుంది. పెట్రోనిల్లాను తలుచుకునేవాళ్లు తక్కువ. ఆ బిషప్ రాతి సమాధి మాత్రం కెథడ్రల్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. పొద్దున ఆ సందులో నిలబడి, మధ్యాహ్నం ఆ సమాధి ముందు నిలబడండి. కిలోమీటరు పొడవు లేని దారిలో ఇంత బరువైన కథ ఉందంటే, దీన్ని "ఏమీ లేని ఊరు" అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1366లో ఇంగ్లీషు పాలకులు ఈ ఊళ్లోనే సభ పెట్టి, తర్వాత స్టాట్యూట్స్ ఆఫ్ కిల్కెన్నీ అని పేరుపడిన చట్టాలు చేశారు. ఐర్లండ్‌లో స్థిరపడిన ఇంగ్లీషువాళ్లు స్థానికులను పెళ్లి చేసుకోకూడదు, ఐరిష్ మాట్లాడకూడదు, కర్రతో బంతిని కొట్టే స్థానికుల ఆట ఆడకూడదు. ఈ నిషేధాలు రాసింది ఏ భాషలోనో తెలుసా? ఫ్రెంచిలో! అప్పటి దొరల చట్టాల భాష అది మరి. ఇప్పుడు చూడండి, కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ ఆటలో అఖిల ఐర్లండ్ టైటిళ్లు అన్నిటికన్నా ఎక్కువ గెలిచింది కిల్కెన్నీ జట్టే. ఏ వీధిలో చూసినా నలుపు, పసుపు చారల జెర్సీలు, చంకలో కర్రతో వెళ్లే పిల్లలు. మీరున్న రోజుల్లో నోలన్ పార్కు మైదానంలో ఆట ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి వెళ్లండి.

దారి చివర కెథడ్రల్. పక్కనే సుమారు 30 మీటర్ల ఎత్తున్న గుండ్రటి గోపురం ఉంటుంది, ఇది కెథడ్రల్ కన్నా పాతది. ఐర్లండ్‌లో ఇలాంటివి చాలానే ఉన్నా లోపలి నుంచి పైకి ఎక్కనిచ్చేవి చాలా కొద్ది. లోపల నిచ్చెనల్లాంటి నిటారు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను బలవంతపెట్టకండి, వాళ్లను కెథడ్రల్‌లో కూర్చోబెట్టండి. గోపురం మీద కప్పు లేదు కాబట్టి పైనుంచి ఊరంతా ఒక్కచూపులో కనిపిస్తుంది. వాన, గాలి ఎక్కువైతే మూసేస్తారు. రెండు రోజులు ఉంటే ఒకరోజు కాకపోతే ఇంకోరోజు ఎక్కవచ్చు, రెండు గంటలే ఉంటే ఆ అవకాశం లేదు.

ఇప్పుడు గది సంగతి. కొండమీద గది దొరికాకే మిగతా ప్లాను వేసుకున్నట్టు, ఇక్కడా ముందు గది చూసుకోండి. శుక్ర, శనివారాలు వద్దు. పెళ్లికి ముందు స్నేహితులంతా కలిసి సరదాగా గడపడానికి ఐర్లండ్ అంతటి నుంచీ ఈ ఊరికే వస్తారు. ధరలు పెరుగుతాయి, రాత్రి చాలాసేపు హడావుడి ఉంటుంది. జూను మొదట్లో హాస్య ఉత్సవం, ఆగస్టులో కళల ఉత్సవం. అవి బ్రహ్మోత్సవాల రోజుల్లాంటివి. ఉత్సవం కోసమే వెళ్తే సంతోషం, నెలల ముందే గది తీసుకోండి. ప్రశాంతంగా చూడాలంటే సోమవారం వెళ్లి బుధవారం తిరిగి రండి. స్టేషను దగ్గరని జాన్ స్ట్రీట్‌లో తీసుకుంటే వీధివైపు గది వద్దని ముందే చెప్పండి, పబ్బుల సందడంతా అక్కడే. నాకైతే కెథడ్రల్ వైపు చిన్న గెస్ట్‌హౌసులు ఇష్టం.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ప్రయాణం: డబ్లిన్‌లో హ్యూస్టన్ స్టేషను నుంచి రైలు, సుమారు గంటన్నర. ఆన్‌లైన్‌లో ముందే కొంటే చవక. కారు అక్కర్లేదు. జెర్‌పాయింట్ మఠం, డన్‌మోర్ గుహ కూడా చూడాలంటే మాత్రం ఒక రోజుకు తీసుకోండి.

టిఫిను: ఐరిష్ అల్పాహారంలో వచ్చే బ్లాక్ పుడింగ్ మిఠాయి కాదు, పంది రక్తంతో చేసేది. శాకాహారులు ముందురోజు రాత్రే చెబితే గుడ్లు, పుట్టగొడుగులు, సోడా బ్రెడ్, ఓట్స్ జావ పెడతారు. గుడ్డు తినకపోతే అదీ చెప్పండి.

వెలుతురు: జూనులో రాత్రి పదింటి దాకా వెలుగు ఉంటుంది, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. చలికాలంలో చూసే చోట్లు త్వరగా మూసేస్తారు. రోథ్ హౌస్ లాంటివి, అంటే 1594 నుంచి 1610 మధ్య ఒక వర్తకుడు ఒకదాని వెనక ఒకటిగా కట్టుకున్న మూడిళ్లు, ఏ రోజు తెరుస్తారో చూసుకునే బయలుదేరండి.

వీసా: చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఐర్లండ్‌లో చెల్లదు. భారత పాస్‌పోర్టు ఉంటే, చేతిలో అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా, ఐర్లండ్ వీసా వేరే తీసుకోవాలి. బ్రిటిష్ ఐరిష్ వీసా పథకం కిందకు వచ్చే బ్రిటన్ విజిట్ వీసా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ ముందు బ్రిటన్‌లో అడుగుపెట్టి ఆ తర్వాతే ఇటు రావాలి. బెల్‌ఫాస్ట్ కూడా చూద్దామనుకునేవాళ్లు అది బ్రిటన్ కిందకు వస్తుందని మరవద్దు. దారిలో ఎవరూ ఆపకపోయినా వీసా ఉండాల్సిందే.

చివరగా, మూడో రోజు మిగిలితే డబ్లిన్‌కు తిరిగి రాకుండా అదే రైలు లైనులో ముందుకు, వాటర్‌ఫర్డ్‌కు వెళ్లండి. వైకింగులు 914లో స్థాపించిన ఊరు, ఐర్లండ్‌లో అన్నిటికన్నా పాత నగరం. కిల్కెన్నీ స్టేషనులో రైలు వచ్చిన వైపే వెనక్కి కదులుతుంది. కంగారుపడి దిగిపోకండి, పట్టాల అమరికే అంత, అది వాటర్‌ఫర్డ్‌కే పోతుంది.