తాళం వేసిన అరలో మాత్ర

శ్రోతలకు నమస్కారం. తిరుపతిలో ఒక మందుల షాపులో ఇరవై ఏళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను.

మా షాపులో ఎప్పుడూ తాళం వేసి ఉండే ఒక చిన్న అర ఉంది. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. అందులో ఉంచే మందుల్లో ఒకటి మిథైల్‌ఫెనిడేట్. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి, అంటే దేని మీదా మనసు నిలవక, కుదురుగా కూర్చోలేక అవస్థపడేవారికి డాక్టర్లు రాసే మాత్ర అది. కిందటి జూన్‌లో, బడులు తెరిచిన వారంలో, చంద్రగిరి వైపు నుంచి ఒక తల్లి ఆ మాత్ర కోసం వచ్చింది. చీటీ రెండు ప్రతులు కావాలన్నాను, ఒకటి షాపులో ఉంచుకోవాలన్నాను. తాళం తీస్తుంటే ఆమె ముఖం పాలిపోయింది. "అన్నా, నా బిడ్డకు మత్తుమందు రాసినారా?" అని అడిగింది.

ఆమె వెనక ఇంకా ఐదారుగురు నిలబడి ఉన్నారు. అప్పుడు రెండు ముక్కల్లో ఏదో చెప్పి పంపించాను. ఆ రోజు చెప్పలేకపోయినదంతా ఈ పూట చెబుతాను.

ముందు ఆ తాళం సంగతి. మన దేశపు ఔషధ నిబంధనల్లో ఈ మందు షెడ్యూల్ ఎక్స్ అనే జాబితాలో ఉంది. పెట్టె మీద ఎడమవైపు పైన ఎర్ర రంగులో ఎక్స్‌ఆర్‌ఎక్స్ అన్న గుర్తు కనిపిస్తుంది. దీన్ని అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి, అందుకే ప్రతి షాపులోనూ దొరకదు. డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒక ప్రతిని మేము రెండేళ్లు భద్రపరచాలి. ఉత్తేజం కలిగించే మందు కాబట్టి అవసరం లేనివారు వాడితే అలవాటు పడే ప్రమాదం ఉంది. ఈ కట్టడి అంతా అలాంటి వాడకాన్ని ఆపడానికే. డాక్టరు పరీక్షించి, బిడ్డ బరువు, వయసు చూసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఇచ్చినప్పుడు అది మత్తు ఎక్కించదు. ఎర్ర గుర్తు చూసి ఏ తల్లీ సిగ్గుపడనక్కరలేదు.

మరి ఉత్తేజపరిచే మందు చిందులు వేసే పిల్లవాణ్ణి ఎలా కుదుట పరుస్తుంది? నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. తిరుపతి బస్టాండును తలచుకోండి. ఒకవైపు మదనపల్లె అని కేక, ఇంకోవైపు శ్రీకాళహస్తి, మరోవైపు చిత్తూరు, మధ్యలో మైకు, టీ అమ్మేవారి పిలుపు. మనం ఎక్కవలసిన బస్సు పేరు ఒక్కటే మన చెవిలో పడుతుంది, మిగతావి వెనక్కి తగ్గిపోతాయి. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు అన్ని కేకలూ ఒకే జోరులో వినిపిస్తాయి. ఏది వదిలెయ్యాలో చెప్పే పని మెదడు ముందు భాగానిది. అక్కడి నరకణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు కావాలి. కబురు అందగానే ఆ రసాయనాలను పంపిన కణం తిరిగి లోపలికి లాగేసుకుంటుంది. మిథైల్‌ఫెనిడేట్ ఆ లాగేసుకోవడాన్ని కొంత అడ్డుకుంటుంది. రసాయనం మరి కాసేపు అక్కడే నిలుస్తుంది. టీచరు మాట మిగతా రొదలో కలిసిపోకుండా నిలబడుతుంది.

ఇది కొత్తగా వచ్చిన వైద్యం కాదు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు తలనొప్పితో ఉన్న పిల్లలకు ఒక ఉత్తేజక మందు ఇచ్చారు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు కానీ చాలామంది బడిలో శ్రద్ధగా కూర్చోవడం మొదలుపెట్టారు. పిల్లలే వాటికి లెక్కల మాత్రలని పేరు పెట్టారట. మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండులో తయారుచేశారు.

ఇక ఇంట్లో జరిగే విషయాలకు వస్తాను. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

ఈ మాత్రల్లో రెండు రకాలున్నాయి. వేసుకున్న అరగంట, గంటలో పనిచేసి, మూడు నాలుగు గంటల్లో ప్రభావం తగ్గిపోయేది ఒకటి. మెల్లమెల్లగా విడుదలవుతూ ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేసేది రెండోది. ఈ రెండో రకాన్ని నలపకూడదు, నమలకూడదు. మన ఇళ్లలో పిల్లలు మింగరని మాత్రను చెంచాలో చితక్కొట్టి తేనెలో కలిపి నాకించే అలవాటు ఉంది. అలా చేస్తే రోజంతా కొంచెం కొంచెంగా వెళ్లవలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. మింగలేని బిడ్డకు ఏం చేయాలో డాక్టరును అడగండి, మార్గాలు ఉన్నాయి.

ఆకలి తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తారు. అందుకని మాత్రకు ముందే కడుపునిండా పొద్దుటి టిఫిను పెట్టండి. సాయంత్రం మందు ప్రభావం తగ్గాక ఆకలి తిరిగి వస్తుంది, అప్పుడు రాగి సంగటి అయినా, పప్పన్నం అయినా, అడిగినంత పెట్టండి. బరువు, ఎత్తు కొన్ని నెలలకొకసారి కొలిపించాలి, కొందరిలో పెరుగుదల కొద్దిగా నెమ్మదిస్తుంది. సాయంత్రం ఆలస్యంగా వేస్తే రాత్రి నిద్ర పట్టదు. పొద్దున మరిచిపోతే సాయంత్రం వేయవద్దు, మర్నాడు రెండు కలిపి అసలే వేయవద్దు. తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాల్లో రావచ్చు. గుండె వేగం, రక్తపోటు కొంచెం పెరగవచ్చు, కాబట్టి ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉన్నా, చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారున్నా ముందే డాక్టరుకు చెప్పండి. ఒంటిమీద ధ్యాస లేక, నవ్వక, బొమ్మలా కూర్చుంటున్నాడంటే కుదురు వచ్చిందని సంతోషించకండి. మోతాదు ఎక్కువైందేమో డాక్టరు చూడాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్లో కోచింగ్ హాస్టళ్ల పిల్లలు పరీక్షల ముందు వచ్చి ఈ మాత్ర అడుగుతారు. ఇవ్వను. నిద్ర ఆపుకోవడం వేరు, చదివింది తలకెక్కడం వేరు. నిద్రలోనే మెదడు చదివినదాన్ని దాచుకుంటుంది. పైగా గుండె దడ, ఆందోళన, అలవాటు పడడం లాంటివి మార్కులతో పాటు వచ్చి వెళ్లిపోయేవి కావు. ఒకరికి రాసిన మాత్రను స్నేహితుడికి పంచడం చట్టప్రకారం కూడా తప్పు.

అలాగే రక్తపరీక్షతోనో, స్కానుతోనో ఏడీహెచ్‌డీ బయటపడదు. పన్నెండేళ్లలోపే లక్షణాలు మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపిస్తున్నాయా అని డాక్టరు వివరంగా అడిగి తేలుస్తారు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిశ్శబ్దంగా కూర్చునే ఆడపిల్లల్లోనూ ఇది ఉండవచ్చు, వాళ్లను ఎవరూ గుర్తించరు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కి ఫోను చేయండి, అది మానసిక ఆరోగ్యం గురించి ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ సేవ.

చంద్రగిరి తల్లికి ఆ రోజు ఒక్క పని చెప్పి పంపాను. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, మాత్ర వేసిన వేళ, తిన్నది, నిద్రపోయిన వేళ రాయమన్నాను. నెల తిరిగేసరికి కొత్త చీటీతో, ఆ నోటుపుస్తకంతో వచ్చింది. మొదటి వారమంతా మధ్యాహ్నం గడిలో "తినలేదు" అనే ఉంది. ఆ పేజీ చూసి డాక్టరు మోతాదు తగ్గించారట. మూడో వారంలో ఒకచోట వంకర అక్షరాలతో ఇలా ఉంది: "రాత్రి సంగటి రెండు ముద్దలు తిన్నాడు. తొమ్మిదిన్నరకు నిద్రపోయాడు. ఎక్కాలు తానే అడిగి చెప్పించుకున్నాడు."