ఓసుమి పేపర్ ఎక్కడ అచ్చయింది?

(తిరుపతిలో లైఫ్ సైన్సెస్ పీజీ విద్యార్థులకు, రీసెర్చ్ స్కాలర్లకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘పరిశోధనా జీవితం, ప్రచురణల ప్రభావం’. ఈ అంశం చేతికిస్తే మామూలుగా వక్త తన పేపర్ల జాబితా తెర మీద వేస్తాడు, కింద హెచ్-ఇండెక్స్ అనే తన స్కోరు ఎర్రరంగులో పెడతాడు, మీరు చప్పట్లు కొడతారు, సమోసా తిని అందరం ఇళ్ళకు పోతాం. నేను నా జాబితా తీసుకురాలేదు. జపాన్ కణశాస్త్రవేత్త యోషినోరి ఓసుమి గారి జాబితా చూద్దాం. అందులోనూ ముఖ్యంగా ఒక్క పేపర్.

2016లో వైద్యరంగంలో నోబెల్ బహుమతి ఎవరితోనూ పంచకుండా ఆయనొక్కరికే ఇచ్చారు. అంతకు దాదాపు ముప్పై ఏళ్ళ ముందు ఆయన బయోడేటా మన ఇంటర్వ్యూ బోర్డు చేతికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. 1945లో ఫుకువోకాలో పుట్టారు. 1974లో టోక్యో యూనివర్సిటీలో డాక్టరేట్. తర్వాత అమెరికాలో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ, జెరాల్డ్ ఎడెల్‌మాన్ ల్యాబ్. ఎడెల్‌మాన్‌కు అప్పటికే నోబెల్ వచ్చి ఉంది, కాబట్టి అక్కడివరకు బోర్డు తల ఊపుతుంది. కానీ ఆ ల్యాబ్‌లో ఓసుమి ఎలుకల అండాల ఫలదీకరణ మీద మొదలుపెట్టి, అది కుదరక ఈస్ట్ వైపు మళ్ళారు. 1977లో టోక్యో తిరిగొచ్చి ఇంకొకరి ల్యాబ్‌లో చిన్న ఉద్యోగం. సొంత ల్యాబ్ దొరికింది 1988లో. అప్పటికి ఆయనకు 43 ఏళ్ళు. మన దగ్గరైతే ఆ వయసుకి పెళ్ళిళ్ళలో బంధువులు పట్టుకుని ‘ఏమప్పా, ఇంకా ప్రొఫెసర్ కాలేదా?’ అని అడుగుతారు.

ఆ సొంత ల్యాబ్‌లో ఆయన ఎంచుకున్నది ఈస్ట్ కణంలోని వాక్యుయోల్. మన తెలుగు అకాడమీ పుస్తకాల్లో రిక్తిక. అప్పట్లో దాన్ని కణం చెత్త పారేసే మూలగా చూసేవాళ్ళు. పోటీ లేదు. నలుగురూ పోయే దారిలో పోవడం తనకు ఇష్టం లేదని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. పోటీ లేని చోట పేపర్లకు సైటేషన్లూ, అంటే ఇతరుల పేపర్లలో మన పేపర్ ప్రస్తావనలూ ఉండవు, ఆ సంగతి తర్వాత మాట్లాడదాం.

ప్రశ్న ఏమిటంటే, కణం తిండి దొరకనప్పుడు తనలోని భాగాలనే తిని బతుకుతుందని తెలుసు. 1963లోనే క్రిస్టియన్ డి డ్యూవ్ దానికి ఆటోఫేజీ అని పేరు పెట్టాడు. మన సీమలో కరువు ఏడాది రైతు ఇల్లు ఎలా గడిచేది? ముందు గింజలు, తర్వాత ఎద్దులు, చివరికి పైకప్పు దూలాలు. ఏది ఎప్పుడు తీయాలో ఆ ఇంటికి తెలుసు. కణానికి ఎలా తెలుస్తుంది? ఏ జన్యువులు ఈ పని చేయిస్తాయి? పేరు పెట్టి ముప్పై ఏళ్ళు కావస్తున్నా దీనికి జవాబు లేదు. ఎందుకంటే వాక్యుయోల్‌లోకి, మన కణాల్లో అయితే లైసోజోమ్ అనే అరిగించే సంచిలోకి, పోయిన సరుకు వెంటనే అరిగిపోతుంది. చూద్దామంటే మిగలదు.

ఓసుమి చేసిన పని వినడానికి చాలా సింపుల్. అరిగించే ఎంజైములు లేని ఈస్ట్ స్ట్రెయిన్ తీసుకున్నారు. దాన్ని నైట్రోజన్ లేని మీడియంలో వేసి పస్తు పెట్టారు. లోపలికి పోయేది పోతుంది, అరిగేది మాత్రం ఉండదు, కాబట్టి పేరుకోవాలి. కొన్ని గంటల తర్వాత మామూలు లైట్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే వాక్యుయోల్ నిండా చిన్న చిన్న గుండ్రటి సంచులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ గజిబిజిగా ఆడుతున్నాయి. ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. మీ ఎమ్మెస్సీ ల్యాబ్‌లో ఉన్న మైక్రోస్కోప్ చాలు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి అవి కణద్రవ్యాన్ని మూటగట్టుకొచ్చిన సంచులని తేల్చారు. అది 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చింది.

నేను చెప్పాలనుకున్న పేపర్ దాని తర్వాతిది. సంచులు కంటికి కనిపిస్తున్నాయి కాబట్టి, అవి కనిపించని మ్యూటెంట్లను, అంటే ఏదో ఒక జన్యువు దెబ్బతిన్న ఈస్ట్‌ను వెతకొచ్చు. మికి త్సుకాడా అనే స్టూడెంట్ ఆ పనికి కూర్చుంది. వేల మ్యూటెంట్లను ఒక్కొక్కటీ మైక్రోస్కోప్ కింద చూడాలంటే కళ్ళు పోతాయి. అయితే ఆటోఫేజీ చేయలేని ఈస్ట్ పస్తు పెడితే తొందరగా చచ్చిపోతుంది. చచ్చిన కణాలకు ఫ్లాక్సిన్ బి అనే రంగు పడుతుంది. కాబట్టి ముందు ప్లేట్ల మీద రంగెక్కిన కాలనీలు ఏరి, వాటిని మాత్రమే మైక్రోస్కోప్ కింద పెట్టారు. చివరికి 15 జన్యువులు తేలాయి. ఆటోఫేజీ జన్యుశాస్త్రం మొత్తం ఆ పదిహేనింటి మీద నిలబడింది. ఇద్దరే రచయితలు, స్టూడెంట్ పేరు ముందు.

ఆ పేపర్ 1993లో అచ్చయిన చోటు ఫెబ్స్ లెటర్స్. చెడ్డ పత్రిక కాదు, మర్యాదైన పత్రిక. కానీ ఇవాళ మన స్కాలర్ ఎవరైనా అందులో పేపర్ వచ్చిందని చెబితే ఎదుటివాడు అడిగే మొదటి మాట ‘ఐఎఫ్ ఎంత?’ అనే, అంటే ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్. చెప్పిన అంకె విని పెదవి విరుస్తాడు. నోబెల్ కమిటీ ఓసుమి గారి కీలక ప్రచురణలుగా నాలుగే పేపర్లు చూపించింది. రెండు నేచర్‌వి, ఒకటి ఇందాక చెప్పిన 1992ది, నాలుగోది ఈ ఫెబ్స్ లెటర్స్ పేపర్.

ఇప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క చూడండి. ఒక పత్రికకు 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, 2022, 2023లలో అది అచ్చేసిన పేపర్లకు 2024లో వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్ళ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. అంతే. అంటే 1993 నాటి పేపర్ ఫెబ్స్ లెటర్స్ లెక్కలో ఉండేది 1994, 1995లలో మాత్రమే. అప్పట్లో ఈస్ట్ ఆటోఫేజీ మీద పనిచేసే ల్యాబ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవరు సైట్ చేస్తారు? 1998లో, 2000లో ఆ జన్యువులు చేసే ప్రోటీన్ల పని ఒక్కొక్కటీ బయటపడింది. 1999లో బెత్ లెవిన్ బృందం బెక్లిన్ అనే ఆటోఫేజీ జన్యువును కాన్సర్‌తో ముడిపెట్టింది. 2000లో ఆటోఫేజీని గుర్తుపట్టడానికి వాడే ఎల్‌సీ3 ప్రోటీన్ వచ్చింది. మీలో వెస్టర్న్ బ్లాట్ చేసేవాళ్ళకు ఆ జంట బ్యాండ్లు తెలిసే ఉంటాయి. ఆ తర్వాతే జనం వెనక్కి తిరిగి 1993 పేపర్ దగ్గరకు వచ్చారు. అప్పటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఆ పేపర్‌ను ఎప్పుడో మరిచిపోయింది.

దీనర్థం చిన్న పత్రికలో వేస్తే గొప్ప అని కాదు. దయచేసి అలా రాసుకోకండి. పత్రిక అంకె పేపర్ గురించి ఏమీ చెప్పదని మాత్రమే అంటున్నా. పేపర్‌కు వచ్చిన సైటేషన్లు ఏమైనా చెబుతాయా? చెబుతాయి, కానీ మనం అనుకునేది కాదు.

ప్రపంచంలో అత్యధికంగా సైట్ అయిన పేపర్ ఏది? మీరందరూ చేసిన ప్రాక్టికలే. ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి, 1951. బీఎస్‌ఏ స్టాండర్డ్, ఆల్కలైన్ కాపర్ పోసి పది నిమిషాలు, ఫోలిన్ పోసి అరగంట, నీలం రంగు, 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్. 2014లో నేచర్ పత్రిక లెక్క తీసేనాటికే దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు. రెండోది లెమ్లీ 1970, ప్రోటీన్లను సైజును బట్టి విడదీసేందుకు మనం ఎస్‌డీఎస్ జెల్ నడిపే పద్ధతి. నిజానికి ఆ పేపర్ రాసింది బాక్టీరియాను పట్టే టీ4 ఫేజ్ అనే వైరస్ తల ఎలా కట్టుకుంటుందో చెప్పడానికి. సైట్ చేసినవాళ్ళలో ఆ ఫేజ్ సంగతి చదివినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. మూడోది బ్రాడ్‌ఫర్డ్ 1976, అదీ ప్రోటీన్ కొలిచేదే. ఆ లెక్కలో ఎక్కువగా సైట్ అయిన మొదటి వంద పేపర్లలో డీఎన్‌ఏ జంట మెలికల నిర్మాణం చెప్పిన పేపర్ లేనే లేదు!

అదే వరసలో మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు గారినీ చెప్పుకోవాలి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది, ఫాస్ఫరస్ కొలిచేందుకు. అదీ నీలం రంగే. ఆయన పేపర్లలో జనం ఎక్కువగా వాడుకున్నది ఆ కొలత పద్ధతినే. ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి కణానికి శక్తినిచ్చే ఏటీపీని వేరుచేసిన సంగతి చాలామందికి తెలియదు. అంటే సైటేషన్ చాలాసార్లు ‘నీ పరికరం వాడుకున్నాను’ అని రాసిచ్చే రసీదు. ‘నీ ఆలోచన గొప్పది’ అని ఇచ్చే సర్టిఫికెట్ కాదు. రెండూ మంచివే, కానీ కలిపి కూడితే ఆ కూడికకు అర్థం ఉండదు.

హెచ్-ఇండెక్స్ గురించి రెండు ముక్కలు చాలు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఇచ్చిన లెక్క అది: మీ పేపర్లలో ఎన్నింటికి కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో ఆ అంకె. ఒకరికి ఐదే పేపర్లు, ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు అనుకోండి. ఆయన హెచ్-ఇండెక్స్ 5. ఇంకొకరికి ఇరవై పేపర్లు, ఒక్కోదానికి ఇరవై సైటేషన్లు. ఆయనది 20. ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలో మీరే చెప్పండి.

ఈ అంకెల పిచ్చి మీద గట్టిగా తిరగబడినవాళ్ళలో కణశాస్త్రవేత్తలూ ఉన్నారు. 2012 డిసెంబర్‌లో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ సమావేశంలో కూర్చుని శాన్ ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ రాశారు. మనిషిని తూచడానికి పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడొద్దని అందులో ఉంది. మరుసటి ఏడాది నోబెల్ అందుకున్న రాండీ షెక్‌మన్ ఇకమీదట నేచర్, సెల్, సైన్స్‌లకు తన ల్యాబ్ నుంచి పేపర్లు పంపనన్నాడు. మాట మంచిదే. కానీ నోబెల్ చేతికొచ్చాక పెద్ద పత్రికల్ని వద్దనడం ఏమంత కష్టం? ఆయన ల్యాబ్‌లో పనిచేస్తూ బయట ఉద్యోగం వెతుక్కునే పోస్ట్‌డాక్‌ల టెన్షన్ వేరు.

ఇక మన ఊరి సంగతి. ఎవరూ నొచ్చుకోకండి. ఆకు రసం తీయడం, సిల్వర్ నైట్రేట్ కలపడం, రంగు మారగానే నానోపార్టికల్స్ అని పేపర్ రాయడం. ఈ లెక్కన శేషాచలం కొండల్లో పేపర్ కాని ఆకు మిగలదు. అందులో మంచి పని లేదని కాదు. ఏ ప్రశ్నకు జవాబు కోసం ఆ ఆకు కోశారో చెప్పగలిగితే చాలు. చాలాసార్లు ప్రశ్న ఉండదు, గడువు మాత్రం ఉంటుంది. ఆ గడువును పట్టుకునే ‘మూడు రోజుల్లో పబ్లికేషన్’ అని మీ వాట్సాప్‌కు మెసేజ్‌లు వస్తాయి. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. 2025లో కేర్ లిస్టు, అంటే తాను ఆమోదించిన పత్రికల జాబితా కూడా ఎత్తేసింది. మీ యూనివర్సిటీ సొంత రూల్ ఏముందో ఆఫీసులో కనుక్కోండి, సీనియర్ చెప్పిన మాట పట్టుకుని డబ్బు కట్టకండి.

పత్రిక ఎలా ఎంచుకోవాలని చాలామంది అడుగుతారు. మీ డ్రాఫ్ట్ చివర ఉన్న రిఫరెన్సులు చూడండి. మీరు నిజంగా చదివి, మీ పనికి వాడుకున్న పేపర్లు ఏ పత్రికల్లో ఎక్కువగా ఉన్నాయో, మీ పేపర్ చదివేవాళ్ళు కూడా అక్కడే ఉంటారు. త్సుకాడా పేపర్ అవసరమైనవాళ్ళకు అది ఫెబ్స్ లెటర్స్‌లోనే దొరికింది. సమీక్ష ఆలస్యమవుతుందని భయమైతే సమీక్షకు ముందే పేపర్లు పెట్టే వెబ్‌సైట్ బయోఆర్కైవ్‌లో పెట్టొచ్చు, 2013 నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు. అయితే గైడ్‌ను, తోటి రచయితలను అడిగి పెట్టండి.

ఇప్పుడు పావుగంట టీ. తర్వాత డ్రాఫ్టులు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసలో కూర్చోండి. రిఫరెన్సుల పేజీతోనే మొదలుపెడదాం.